ఊపిరి పోసే యంత్రం, కొలిచే చేయి

1952 వేసవి చివర కోపెన్‌హాగన్ నగరం మీద పోలియో విరుచుకుపడింది. అంటువ్యాధులకు ప్రత్యేకించిన బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో అప్పటికి ఉన్నవి రోగిని మెడదాకా లోపల పెట్టి మూసే ఇనుప ఊపిరితిత్తి యంత్రం ఒక్కటీ, ఛాతీకి కవచంలా తొడిగే చిన్న యంత్రాలు ఆరూ. శ్వాస కండరాలు చచ్చుబడి, మింగుడుపడని స్థితికి చేరిన తొలి 31 మందికి ఆ యంత్రాలతో చికిత్స చేస్తే 27 మంది మరణించారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడిని సలహాకు పిలిచారు. ఆగస్టు 27న ఆయన పన్నెండేళ్ళ బాలికకు శ్వాసనాళంలో రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, దానికొక రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. ఆ అమ్మాయి బతికింది. ఆ తరువాతి నెలల్లో సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు రాత్రింబవళ్ళు వంతులు వేసుకుని, రోగుల తలాపిన కూర్చుని, ఆ సంచులు నొక్కారు. నూటికి ఎనభైకి పైగా ఉన్న మరణాలు నలభై దరిదాపులకు దిగివచ్చాయి. ఈనాటి ఇంటెన్సివ్ కేర్ విభాగానికి పునాది అక్కడ పడింది.

ఈ చరిత్రను ఇంటెన్సివ్ కేర్ వైద్యురాలు హానా వున్ష్ ‘ది ఆటమ్ ఘోస్ట్’ అన్న పుస్తకంగా 2023లో వెలువరించారు. ఆకురాలు కాలపు దయ్యం అని ఆ పేరుకు అర్థం. వైద్యం తెలియని పాఠకుడు కూడా ఆగకుండా చదవగల పుస్తకం, చదవమనే చెబుతాను. ఈ వ్యాసంలో మాత్రం పుస్తకంలోని గుణదోషాల కన్నా, అది చదివాక నాలో బలపడిన ఒక అభిప్రాయాన్ని పాఠకుల ముందుంచదలిచాను. వెంటిలేటర్‌లోని ఏ మోడ్ మంచిదన్న చర్చకు మన వృత్తిలోనూ, మన ఇళ్ళలోనూ దక్కుతున్న ప్రాధాన్యం దాని అర్హతకు మించినది. రోగికి కీడు జరిగేది మోడ్ వల్ల కన్నా, ఆ మోడ్ దేన్ని పట్టించుకోదో దాన్ని మనుషులు కూడా పట్టించుకోనందువల్లనే ఎక్కువ.

ఊపిరితిత్తి అన్న మన మాటలోనే తిత్తి ఉంది. కొలిమి దగ్గర తిత్తి ఊదే మనిషికి గాలి సాఫీగా పోతున్నదో, ఎక్కడైనా అడ్డుపడుతున్నదో చేతికే తెలుస్తుంది. కోపెన్‌హాగన్ విద్యార్థుల అనుభవమూ అదే. సంచి నొక్కినప్పుడు బిగువుగా ఉంటే కఫం అడ్డుపడిందనో, ఊపిరితిత్తి గట్టిపడిందనో వారి వేళ్ళకు తెలిసేది. రోగి తనంతట తాను గాలి పీల్చుకోబోతే సంచి చేతిలోనే కదిలేది. వాళ్ళు రోగి ముఖం చూస్తూ నొక్కేవారు. అయితే ఆ పద్ధతిని ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. చేతులు అలసిపోతాయి, మనసు చెదురుతుంది, ఒకరు నొక్కినట్టు మరొకరు నొక్కరు. స్వీడన్ వైద్యుడు ఎంగ్‌స్ట్రోమ్ రూపొందించిన వెంటిలేటర్ వంటివి ఆ చేతుల స్థానంలోకి వచ్చాయి; రావలసిందే. కాకపోతే చేయి చేస్తున్న పనులు రెండు: గాలిని తోయడం, తోస్తూ లోపలి పరిస్థితిని తెలుసుకోవడం. యంత్రం మొదటి పనిని పూర్తిగా అందుకుంది. రెండవ పనిలో కొంత భాగాన్నే అందుకుంది. మిగిలిన భాగం ఎవరిదన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

మోడ్ అంటే యంత్రానికి మనం ఇచ్చే ఆజ్ఞ. ఆజ్ఞలు పైకి చాలా కనిపిస్తాయి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అయినా వాటి అంతస్సూత్రం ఒకటే: ప్రతి మోడ్ ఒకదాన్ని బిగించి పట్టుకుంటుంది, అందుకోసం మరొకదాన్ని వదిలేస్తుంది.

మొదటిది గాలి పరిమాణాన్ని పట్టుకునే పద్ధతి. శ్వాసకు 400 మిల్లీలీటర్లు పంపమంటే అంతే పంపుతుంది. అంత గాలి పట్టడానికి ఊపిరితిత్తిలో ఎంత పీడనం పెరుగుతుందన్నది మాత్రం ఆ ఆజ్ఞలో లేదు. గట్టిపడిన ఊపిరితిత్తిలోకి అదే గాలిని నెట్టితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంకా గాలి కావాలని తపించే రోగికి ఈ పద్ధతిలో కోరినంత వేగంగా అందదు. ఒక శ్వాస పూర్తిగా వదలకముందే మరొకటి లాక్కుంటాడు. రెండూ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. మనం నిర్ణయించిన మోతాదు కాస్తా రెట్టింపవుతుంది.

రెండవది పీడనాన్ని పట్టుకునే పద్ధతి. హద్దు దాటి నెట్టదు కాబట్టి సురక్షితమని దానికి పేరు. ఇక్కడ చేజారేది పరిమాణం. గొట్టం మడతపడినా, కఫం గడ్డకట్టినా లోపలికి వెళ్ళే గాలి తగ్గిపోతుంది. పీడనం మాత్రం చెప్పినంతే ఉంటుంది కనుక, పరిమాణానికి హెచ్చరిక గంటను సరిగ్గా అమర్చి ఉంచకపోతే యంత్రానికి అభ్యంతరమేమీ ఉండదు. దీనికి భిన్నంగా, రోగి తానే బలంగా లాగుతుంటే యంత్రం తోపూ రోగి లాగుడూ కలిసి, తెర మీద కనబడే అంకె కన్నా ఎంతో ఎక్కువ బలం ఊపిరితిత్తిని సాగదీస్తుంది.

మూడవది రోగి తలపెట్టిన శ్వాసకు ఊతమిచ్చే పద్ధతి. ఇది మనిషి శ్వాసకు దగ్గరగా ఉంటుంది, హాయిగానూ ఉంటుంది. అయితే భారమంతా రోగి మెదడు మీద ఉంది. మత్తు ఎక్కువైతే ఆ మెదడు శ్వాసను తలపెట్టడమే మానేస్తుంది. ఆందోళనో, జ్వరమో, రక్తంలో ఆమ్లమో ఎక్కువైతే హద్దు లేకుండా పీలుస్తుంది. రోగగ్రస్తమైన ఊపిరితిత్తిని రోగి తన శ్వాసతోనే గాయపరచుకునే ప్రమాదం అక్కడుంది.

ఇవి యంత్రంలోని లోపాలు కావు, దానికి మనమిచ్చిన ఆజ్ఞ హద్దులు.

ఆ హద్దుకు ఆవల ఏముందో లోకానికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 1974లో వెబ్, టియర్నీ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల ఊపిరితిత్తులలోకి 45 సెంటీమీటర్ల నీటి పీడనంతో గాలి నింపారు. గంట తిరగకముందే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు నీరుకమ్మి పాడైపోయాయి. శ్వాస వదిలిన తరువాత కూడా లోపలి గదులు పూర్తిగా ముడుచుకుపోకుండా కొద్దిపాటి పీడనం నిలిపితే ఆ నష్టం బాగా తగ్గింది. బతికించడానికి పంపే గాలే గాయం చేయగలదని అంత స్పష్టంగా తెలిసినా, రోగుల దగ్గర మోతాదులు మారడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

2000లో అమెరికాలోని ఆసుపత్రులు కలిసి ప్రచురించిన అధ్యయనం ఆ మార్పు తెచ్చింది. ఏదో ఒక కారణాన ఊపిరితిత్తుల నిండా వాపు వచ్చి, ప్రాణవాయువు అందని స్థితికి చేరిన 861 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండవ జట్టుకు 6 చొప్పున శ్వాస పరిమాణం నిర్ణయించారు. మొదటి జట్టులో 39.8 శాతం, రెండవ జట్టులో 31.0 శాతం మరణించారు. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. రెండు జట్లకూ వాడిన మోడ్ ఒక్కటే. గాలి పరిమాణాన్ని పట్టుకునే పద్ధతే. యంత్రం అదే, ఆజ్ఞ పేరూ అదే. మారింది మోతాదూ, దానితోపాటు పీడనాన్ని కొలిచి హద్దులో ఉంచాలన్న నియమమూ. నూటికి దాదాపు తొమ్మిది ప్రాణాల తేడా అక్కడ ఉంది.

ఆ పీడనాన్ని కొలవడం కష్టమేమీ కాదు. యోగాభ్యాసం తెలిసిన పాఠకులకు పూరకం, కుంభకం, రేచకం పరిచితమైన మాటలు. శ్వాస నిండిన క్షణంలో యంత్రాన్ని అర సెకను పాటు కుంభకంలో నిలిపితే ఊపిరితిత్తి మీద నిజంగా పడుతున్న పీడనం తెర మీద కనిపిస్తుంది. అది 30 సెంటీమీటర్లు దాటకుండా చూడాలన్నది ఇప్పుడు అందరూ అంగీకరించిన నియమం. దానికి కావలసింది ఒక మీట నొక్కడం మాత్రమే. అయినా 50 దేశాలలో 459 ఇంటెన్సివ్ కేర్ విభాగాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాధి ఉన్న రోగులలో ఆ కొలత నమోదైనది సుమారు 40 శాతం మందిలోనే. అవన్నీ పేద దేశాల ఆసుపత్రులు కావు. సాధనం పక్కనే ఉంది. నొక్కే వేలు లేదు.

ఎత్తు సంగతి మన కుటుంబాలకు మరీ దగ్గరిది. ఊపిరితిత్తి పరిమాణం మనిషి ఎత్తును బట్టి ఉంటుంది, శరీరం బరువును బట్టి కాదు. ఒళ్ళు వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. 150 సెంటీమీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉన్న అమ్మ ఒకావిడను ఊహించుకుందాం. మన ఇళ్ళలో అలాంటి అమ్మలు కొల్లలు. సూత్రం ప్రకారం ఆమె ఊపిరితిత్తులకు లెక్కగట్టవలసిన బరువు సుమారు 43 కిలోలు. కిలోకు 6 చొప్పున శ్వాసకు 260 మిల్లీలీటర్లు చాలు. తూకపు బరువుతో లెక్క వేస్తే 450 అవుతుంది. అంటే కిలోకు 6 అన్న నియమం కంఠతా వచ్చిన వైద్యుడే, ఎత్తు కొలవకపోతే ఆమెకు కిలోకు పది మిల్లీలీటర్లకు పైగా పంపిస్తాడు. పెద్దవాళ్ళకు 500 అని అలవాటుగా తిప్పేస్తే 11 దాటుతుంది. పొట్టిగా ఉన్న స్త్రీలకు అవసరానికి మించిన గాలి వెళ్తున్నదని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. పడుకున్న మనిషి ఎత్తు కొలవడానికి కావలసింది దర్జీ దగ్గర ఉండే టేపు.

కొత్త మోడ్ వస్తే ఈ బాధలన్నీ తీరుతాయన్న ఆశకు కూడా చరిత్ర ఉంది. అతి చిన్న శ్వాసలను నిమిషానికి వందల సార్లు కంపింపజేసే యంత్రం ఒకటి ఉంది. ఊపిరితిత్తి సాగదు, ముడుచుకోదు. సిద్ధాంతరీత్యా ఇంతకన్నా సౌమ్యమైనది లేదు. 2013లో కెనడా వైద్యుల నాయకత్వాన 548 మందిపై జరిగిన పరీక్షలో, ఆసుపత్రిలో మరణించినవారు ఆ యంత్రంతో 47 శాతం, మామూలు వెంటిలేటర్‌ను జాగ్రత్తగా వాడినప్పుడు 35 శాతం. దాన్నీ మధ్యలోనే ఆపవలసి వచ్చింది. ఆ యంత్రం మీద ఉన్నవారికి మత్తు మందులూ, కండరాలను స్తంభింపజేసే మందులూ, రక్తపోటును నిలిపే మందులూ ఎక్కువ అవసరమయ్యాయి. ఊపిరితిత్తిని సౌమ్యంగా చూసిన పద్ధతి మిగతా శరీరం మీద భారం వేసింది.

అదే 2013లో, ప్రధానంగా ఫ్రాన్స్‌లో, మరో పరీక్ష ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన వ్యాధి ఉన్న 466 మందిలో సగం మందిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టారు. 28 రోజులలో మరణాలు 32.8 శాతం నుంచి 16.0 శాతానికి తగ్గాయి. ఇందులో కొత్త మోడ్ లేదు. గొట్టం ఊడకుండా, సూదులు జారకుండా రోగిని తిప్పడానికి నలుగురైదుగురు మనుషులు కావాలి, తిప్పిన తరువాత ముఖం ఒరిసిపోకుండా చూసుకునే నర్సు కావాలి. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను.

ఇంకా రెండు ప్రమాదాలు చెప్పి తీరాలి. ఒకటి రేచకానికి సంబంధించినది. ఉబ్బసం తీవ్రమైన రోగికి గాలి లోపలికి పోవడం కన్నా బయటకు రావడం కష్టం. నిమిషానికి శ్వాసల సంఖ్య పెంచితే ప్రతిసారీ కొంత గాలి లోపలే చిక్కుకుపోతుంది. ఛాతీ ఉబ్బి, గుండెకు చేరవలసిన రక్తాన్ని అడ్డగిస్తుంది. రక్తపోటు హఠాత్తుగా పడిపోతుంది. అలాంటప్పుడు గొట్టాన్ని యంత్రం నుంచి కాసేపు విడదీసి, చిక్కిన గాలిని బయటకు పోనివ్వడం ప్రాణాన్ని నిలబెట్టవచ్చు. ఆ నిర్ణయం మనిషి తీసుకోవలసిందే.

రెండవది కాలానికి సంబంధించినది. యంత్రమే పూర్తిగా శ్వాస నడిపిస్తే, ఛాతీకీ కడుపుకూ మధ్య ఉన్న ఉదరవితానం అనే కండరానికి పని ఉండదు. 18 నుంచి 69 గంటలు అలా పని లేకుండా ఉన్నా ఆ కండరపు పోగులు సన్నబడతాయని 2008లో రుజువైంది. అందువల్ల యంత్రాన్ని ఎప్పుడు మాన్పించాలన్నది, ఎలా పెట్టాలన్నదానితో సమానమైన ప్రశ్న. రోజూ ఒకసారి మత్తు ఆపి రోగిని మేలుకొలిపితే వెంటిలేటర్ మీద గడిపే కాలం సగటున 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గిందని 2000లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. యంత్రపు శ్వాసలను రోజురోజుకూ కొన్ని తగ్గిస్తూ పోయే మోడ్ కన్నా, రోజుకొకసారి రోగిని సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చి పరీక్షించడమే మూడు రెట్లు త్వరగా గొట్టం తీయడానికి దారితీసిందని 1995లోనే స్పెయిన్ వైద్యులు నిరూపించారు.

తెలుగునాట వెంటిలేటర్ అన్న మాటకు రెండే అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి, ఇక ఆశ లేదు. రెండు, బిల్లు కోసం పెట్టారు. 2003లో వచ్చిన ‘ఠాగూర్’ చిత్రంలో శవానికి వైద్యం చేసే ఆసుపత్రి సన్నివేశం ఇరవై ఏళ్ళు దాటినా మన సంభాషణల్లో సామెతలా నిలిచి ఉంది. ఆ అనుమానానికి ఆధారం లేదనను. కానీ అనుమానం ప్రశ్నగా మారకపోతే ఎవరికీ ఉపయోగం లేదు. విదేశాల్లో ఉన్న మనకు అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. నాన్నగారిని వెంటిలేటర్ మీద పెట్టారని. వెంటనే మనం అడిగేది, ఏ ఆసుపత్రి, యంత్రం కొత్తదేనా, మరో పెద్ద ఆసుపత్రికి మార్చాలా అని. అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆయన ఎత్తు కొలిచారా? ఆ ఎత్తును బట్టి శ్వాసకు ఎంత గాలి వెళ్తోంది? కుంభకంలో పీడనం ఎంత చూపుతోంది? ఈ రోజు మత్తు తగ్గించి చూశారా, చూడకపోతే కారణం ఏమిటి? సొంత శ్వాస పరీక్ష ఎప్పుడు? రాత్రి ఆయన పక్కన ఎవరుంటారు? ఇవి మర్యాదగా, నిందించే స్వరం లేకుండా అడగవచ్చు. రోగాన్ని బట్టి జవాబులు మారతాయి. ఒక్కోసారి హద్దు దాటడానికి న్యాయమైన కారణం ఉంటుంది. జవాబు తెలిసిన వైద్యుడు రెండు నిమిషాల్లో చెబుతాడు, అడిగినందుకు సంతోషిస్తాడు కూడా.

2020లో కరోనా వచ్చినప్పుడు భారత ప్రభుత్వం 50,000 వెంటిలేటర్ల కోసం నిధులు ప్రకటించింది. ప్రపంచమంతటా పత్రికలు యంత్రాల సంఖ్యనే లెక్కపెట్టాయి. ఆ లెక్కలో మనుషుల వరుస చాలా వెనక వచ్చింది. నేను పనిచేసే బ్రిటన్‌లో వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ప్రమాణం. అమెరికాలో ఈ యంత్రాలనే చూసుకునే రెస్పిరేటరీ థెరపిస్టులు ప్రత్యేకంగా ఉంటారు. ఎక్కడైనా ఆ ప్రమాణం సడలిన రోజున ఎంత ఖరీదైన యంత్రమైనా తనకిచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది.

రోగి స్థితిని గమనించి తనను తాను సరిదిద్దుకునే యంత్రాలు వస్తున్నాయి కదా అని కొందరు మిత్రులు అంటారు. వస్తున్నాయి, కొన్ని బాగున్నాయి కూడా. ఆ స్వయంచాలక మోడ్‌కైనా మొదట రోగి ఎత్తు చెప్పవలసిందే. అంచనాగా చెబితే, ఆ తప్పు అంకెను అది నిష్ఠగా, అలుపు లేకుండా, ప్రతి శ్వాసకూ అమలు చేస్తుంది. అలాంటి యంత్రం ఉందన్న ధీమాతో చూసే కళ్ళను తగ్గించే యాజమాన్యాల గురించే నా భయం.

అందుచేత నా అభిప్రాయం ఇది. కొత్త మోడ్ కొనడానికి పెట్టే డబ్బులో మొదటి వాటా రాత్రిపూట పనిచేసే నర్సు జీతానికీ, శిక్షణకీ పోవాలి. ప్రతి మంచం పక్కనా ఒక టేపు వేలాడాలి. ప్రతి పూటా నమోదు చేసే పట్టికలో కుంభక పీడనానికి ఒక గడి ఉండాలి, అది ఖాళీగా ఉంటే ఎందుకని అడిగే పెద్ద వైద్యుడు ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.